రాగం కావాలె, పేరు వద్దు

మిస్ర్ అంటే మనకు కొత్త మాట కాదు. యూసుఫ్ అలైహిస్సలాం ఖిస్సా విన్న ప్రతి ఇంట్ల తెలిసిన మాటే. అన్నలు బావిల పడేస్తే, బాటసారులు తీసుకపోయి ఆయనను అమ్మింది మిస్ర్ బజారులనే. తెలుగుల ఈజిప్టు అంటరు, అరబీల, ఉర్దూల మిస్ర్. ఆ మాట తుర్కీ జుబాన్‌లకు పోయి 'మిస్ర్‌లీ' అయింది, మిస్ర్‌కు చెందిన మనిషి అని. గ్రీకుల నోట్ల పడి 'మిసిర్లూ' అయింది, మిస్ర్ పిల్ల అని. ఆ పిల్ల మీద కట్టిన ఒక పాత పాట ధున్, 1962ల అమెరికాల కాలిఫోర్నియా సముద్రం ఒడ్డున ఎలక్ట్రిక్ గిటారు మీద మోగింది. అప్పటి నుంచి అది ఆగలేదు.

పేరు తెల్వకున్నా మీరు దాన్ని వినే ఉంటరు. 1994ల వచ్చిన 'పల్ప్ ఫిక్షన్' సినిమాల పేర్లు పడేటప్పుడు గుర్రం లెక్క ఉరికే గిటారు అదే. బ్లాక్ ఐడ్ పీస్ అనే గుంపు 'పంప్ ఇట్' పాట కింద పరిచిన ముక్క కూడా అదే. కరీంనగర్ జిమ్ములల్ల, కాలేజీ ఫంక్షన్లల్ల మన పిల్లలు దానికి ఎగురుతరు. వాళ్లను అడిగితే ఇంగ్లీష్ మ్యూజిక్ అంటరు. తప్పు వాళ్లది కాదు. దాని షజరా వాళ్లకు ఎవ్వరు చెప్పలేదు.

ఆ గిటారు వాయించినాయన పేరు డిక్ డేల్. ఆయన మొదటి ఆల్బం 'సర్ఫర్స్ చాయిస్' 1962 నవంబర్‌ల బయటికొచ్చింది. పలక మీద నిలబడి అలల మీద జారే ఆటను సర్ఫింగ్ అంటరు. ఆ ఆట ఆడే కుర్రోళ్ల కోసం పుట్టిన గిటారు మౌసీఖీకే సర్ఫ్ రాక్ అని పేరు పడ్డది. ఆ తరహా ఆల్బంలల్ల ముందువరుసది ఈ రికార్డు. దీని గురించి నేను చెప్పాలనుకున్న మాట ఒక్కటే. దునియా ఈ రికార్డుల రాగాన్ని రెండు చేతులు చాపి తీసుకున్నది, ఆ రాగాన్ని మోసుకొచ్చిన ఖాందాన్ పేరును మాత్రం గడప బయటనే ఇడిపించింది. ఇది అరవై ఏండ్ల కింద ఎక్కడనో జరిగిన ముచ్చట అని పక్కకు పెట్టేది కాదు. మన గల్లీలల్ల ఇప్పుడు కూడా అదే నడుస్తున్నది.

డిక్ డేల్ అసలు పేరు రిచర్డ్ మన్సూర్. ఇంగ్లీషుల మాన్సోర్ అని పలుకుతరు గని అది మన మన్సూరే. 'అనల్ హఖ్' అని సూలి ఎక్కిన మన్సూర్ హల్లాజ్ పేరుల ఉన్న మన్సూర్. 1937ల బోస్టన్‌ల పుట్టిండు. వాలిద్ ఖాందాన్ లెబనాన్ నుంచి వచ్చింది, తల్లిది తూర్పు యూరప్ మూలం. లెబనాన్‌ల మన్సూర్ అన్న పేరు ఈసాయీలల్ల ఉంటది, ముసల్మానులల్ల ఉంటది. అందుకే నేనిక్కడ మజ్‌హబ్ లెక్క తీస్తలేను. నేను తీసేది జుబాన్ లెక్క, సాజ్ లెక్క.

వాళ్ల ఇంట్ల ఒక పెద్దమనిషి ఊద్ వాయించేటోడు. ఊద్ అంటే పొట్ట గుండ్రంగ, మెడ పొట్టిగ ఉండే అరబ్ తంత్రీ వాద్యం. అరబీల ఊద్ అంటే కట్టె. మనం దర్గాల, ఇంట్ల ముట్టించే ఊదు, తెలుగోళ్లందరు దేవుని పటం ముందు వెలిగించే ఊదుబత్తి కూడా ఆ కట్టె నుంచి వచ్చిన మాటలే. యూరపోళ్ల 'ల్యూట్' అన్న మాట పుట్టింది కూడా 'అల్-ఊద్' నుంచే. అంటే డేల్ ఇంట్ల మోగిన సాజ్ పేరు మన ఇండ్లల్ల పొగై తిరుగుతనే ఉన్నది.

పిల్లగాడు చిన్ననాడే ఆ ఊద్ విన్నడు. దర్బూకా అనే అరబ్ డోలు మీద వేళ్లతోని దరువు ఏసుడు నేర్చుకున్నడు. తర్వాత గిటారు పట్టినప్పుడు కుడి చేతోళ్ల కోసం కట్టిన తీగల వరుసనే ఎడమ చేతితోని తలకిందులుగ వాయించిండు. డోలు మీద నేర్చిన దరువును తీగల మీదికి తెచ్చిండు. ఒకే తీగను పైకి, కిందికి, పైకి, కిందికి ఊపిరి సలపకుంట కొట్టుడు. ఊద్ మీద రీషాతోని, అంటే ఈకలాంటి పుల్లతోని, ఉస్తాద్‌లు తీగను వణికించే పని అదే. జీన్ క్రూపా అనే జాజ్ డ్రమ్మర్ దరువు కూడా తన మీద పడ్డదని ఆయననే చెప్పుకునేటోడు. ఎవని హునరూ ఒక్క బావి నీళ్లతోని నిండదు.

మన్సూర్ కుటుంబం 1954ల కాలిఫోర్నియా దిక్కు పోయింది. వాలిద్‌కు విమానాల కంపెనీల కొలువు. 1961ల బల్బోవా అనే చోట సముద్రం పక్కన 'రాందెవూ బాల్‌రూం' అన్న పెద్ద డాన్స్ హాలుల డేల్ వాయించుడు మొదలుపెట్టిండు. ఊరి పెద్దలకు ఈ గిటారు గోల మీద భయం. పర్మిషన్ ఇచ్చిండ్రు గని మొగపిల్లలు టై కట్టుకోవాలె అని షర్తు పెట్టిండ్రు. మొదటి రాత్రి పదిహేడు మంది సర్ఫర్లు వచ్చిండ్రని, కాళ్లకు చెప్పులు లేకున్నా మెడల టై ఏసుకొని ఎగిరిండ్రని డేల్ చెప్పేటోడు. కొన్ని నెలలల్ల ఆ హాలుకు రాత్రికి మూడు వేల మంది రాబట్టిండ్రు.

అంత మందికి వినపడాలంటే ఆవాజ్ కావాలె. అప్పటి ఆంప్లిఫయర్లు తట్టుకోలేకపోయినయి. గిటార్ల కంపెనీ నడిపే లియో ఫెండర్ ఒకటి ఇచ్చుడు, డేల్ దాన్ని కాల్చుడు. మళ్ల ఒకటి, మళ్ల కాల్చుడు. ఇట్ల పదుల కొద్ది కాలినంక, 15 అంగుళాల జేబీఎల్ స్పీకరు పెట్టిన 'షోమన్' అన్న ఆంప్లిఫయర్ తయారైంది. తర్వాత వచ్చిన రాక్ గుంపులన్నీ పెద్ద ఆవాజ్ పెట్టుకున్నయంటే దాని వెనక ఈ కొట్లాట ఉన్నది. ఒక ఫన్‌కార్ జిద్దు, ఒక కారీగర్ ఓపిక కలిస్తే పుట్టిన మిషన్ అది.

రికార్డు తీసుడు మాటకొస్తే పెద్ద కంపెనీ ఏదీ ముందుకు రాలేదు. కొడుకు కోసం వాలిద్‌నే 'డెల్టోన్' అని సొంత లేబుల్ పెట్టిండు. 1961ల 'లెట్స్ గో ట్రిప్పిన్' అన్న ధున్ తీసిండ్రు. మొట్టమొదటి సర్ఫ్ రాక్ రికార్డు అదే అని చాలామంది అంటరు. తర్వాత ఏడాది ఆల్బం. అందుల చాలా భాగం స్టూడియోల తీసింది కాదు, ఆ బాల్‌రూంల జనం మధ్యలనే పట్టింది. అట్ట మీద డేల్ అల మీద జారుతున్న ఫోటో.

ఆల్బంల ఉన్న పన్నెండు ముక్కలు చూస్తే నాకు దస్తర్‌ఖాన్ యాదికొస్తది. 'ఫానీ మే', 'లవీ డవీ' నల్లజాతి గాయకుల పాటలు. 'స్లూప్ జాన్ బీ' బహామా దీవుల జానపదం. 'సర్ఫింగ్ డ్రమ్స్' ఉన్నది, 'సర్ఫ్ బీట్' ఉన్నది. వాటి నడుమ 'మిసిర్లూ ట్విస్ట్' అని మన మిస్ర్ పిల్ల. అట్ట మీద మాత్రం ఒక తెల్ల కుర్రోడు, ఒక అల. లోపల వడ్డించింది ఒకటి, బయట రాసింది ఇంకొకటి.

రికార్డును జనం ఎట్ల తీసుకున్నరు? దక్షిణ కాలిఫోర్నియాల ఎగబడి కొన్నరు. ఒక్క ఆ ఇలాకాలనే 80 వేల దాకా అమ్ముడుపోయిందని చెప్తరు. అప్పుడు కేపిటల్ అన్న పెద్ద కంపెనీ వచ్చి 1963ల దేశమంత పంచింది. బిల్‌బోర్డ్ ఆల్బంల జాబితాల 59వ స్థానం దాకా పోయి ఆగింది. అదే ఏడాది అదే కేపిటల్ కంపెనీ బీచ్ బాయ్స్ ఆల్బం 'సర్ఫిన్ యూఎస్ఏ' తెచ్చింది. అది 2వ స్థానానికి పోయింది. ఆ ఆల్బంల 'మిసిర్లూ' ఉన్నది, 'లెట్స్ గో ట్రిప్పిన్' కూడా ఉన్నది. అంటే సాజ్ తెచ్చినాయన 59 దగ్గర, ఆ ధున్‌లను మళ్ల వాయించినోళ్లు 2 దగ్గర. బీచ్ బాయ్స్ హునర్ తక్కువ అని నేనంటలేను. వాళ్ల గొంతులు కలిస్తే వచ్చే కమాల్ వేరే. గని బజారుకు కావాల్సింది ఏందో ఈ రెండు అంకెలల్ల కనపడుతది.

1964ల ఇంగ్లండ్ నుంచి బీటిల్స్ దిగిండ్రు. సర్ఫ్ రాక్ జమానా ముగిసింది. 1966ల ఆ బాల్‌రూం మంటల కాలిపోయింది.

ఇన్ని ఏండ్లు ఈ రికార్డు గురించి రాసినోళ్లందరు సముద్రం గురించి రాసిండ్రు. అలల హోరు, ఎండ, ఇసుక. డేల్ కూడా అలల గర్జననే గిటారుల పట్టాలనుకున్న అన్నడు. అది అబద్ధం కాదు. ఆయన స్వయంగ సర్ఫర్. గని పసిఫిక్ సముద్రం ఒడ్డున ఎందరో గిటారు వాయించిండ్రు, ఆ ఆవాజ్ ఇంకెవ్వరికీ ఎందుకు రాలేదు? వాళ్లకు సముద్రం ఉన్నది, ఊద్ లేదు. అసర్ రెండిటిదీ. తారీఖ్ రాసేటప్పుడు ఒకదాన్ని పోస్టర్ మీద పెట్టి, ఇంకొకదాన్ని కింద చిన్న అక్షరాలల్ల ఏసిండ్రు.

పేరు సంగతి కూడా అంతే. మన్సూర్ అన్న పేరు రేడియోల పలకదని, 'డిక్ డేల్' అయితే కంట్రీ పాటల గాయకునికి మంచిగుంటదని టెక్సస్ టైనీ అనే రేడియో ఆయన సలహా ఇచ్చిండు. బలవంతం ఏం లేదు. ప్రేమతోనే చెప్పిండు. పేర్లు ఎప్పుడూ గట్లనే మారుతయి. తుపాకీ పెట్టి ఎవ్వరు మార్చరు, 'నీ మంచికే' అని మారుస్తరు.

మన దగ్గర తక్కువనా? పెషావర్ యూసుఫ్ ఖాన్ 1944ల తెర మీదికి వచ్చేటప్పుడు దిలీప్ కుమార్ అయిండు. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మహజబీన్ మీనాకుమారి అయింది. తెలుగుల వేల పాటలు పాడిన నాగూర్ బాబును ఇళయరాజా 'మనో' చేసిండు. ఇది కూడా ప్రేమతోనే. దీనికి ఎదురు నడిచినోడు ఒకడున్నడు. మద్రాసుల దిలీప్ కుమార్ అని పుట్టిన పిల్లగాడు ఎ.ఆర్. రహమాన్ అన్న పేరు పెట్టుకొని, 1992ల 'రోజా'తోని వచ్చి, ఆ పేరుతోనే ఆస్కార్ దాకా పోయిండు. యూసుఫ్ దిలీప్ కావాల్సి వచ్చిన దేశంల దిలీప్ రహమాన్ అయి గెలిచిండు. అందుకే జమానా ఎప్పటికీ ఒక్కతీరుగనే ఉంటదని నేను అనుకోను. మొహమ్మద్ రఫీ అయితే పేరు మార్చుకోనేలేదు. తెలుగుల 'భలే తమ్ముడు' సినిమాల ఎన్టీఆర్‌కు పాడిన గొంతు కూడా ఆయనదే.

రఫీ పేరు వచ్చింది గనుక ఒక సినిమా ముచ్చట చెప్పాలె. 1965ల 'గుమ్‌నామ్' వచ్చింది. శంకర్-జైకిషన్ సంగీతం. అందుల 'జాన్ పహెచాన్ హో' అన్న పాట ఉన్నది. రఫీ పాడిండు, తెర మీద టెడ్ లయన్స్ అండ్ హిజ్ కబ్స్ అనే బొంబాయి గిటారు గుంపు, కళ్లకు నల్ల మాస్కులు కట్టుకున్న డాన్సర్లు, నడుమ లక్ష్మీ ఛాయా. కాలిఫోర్నియాల పుట్టిన ఆ గిటారు జోరు మూడేండ్లల్లనే బొంబాయి స్టూడియోకు చేరిందని వింటేనే తెలుస్తది. 2001ల 'గోస్ట్ వరల్డ్' అనే అమెరికా సినిమా ఈ పాటతోనే మొదలైతది. అరబ్ ఇంటి దరువు అమెరికా పోయి, గిటారై, బొంబాయికి వచ్చి, రఫీ గొంతు పట్టుకొని మళ్ల అమెరికా పోయిందన్నట్టు.

అదే సినిమాల మెహమూద్ ఉన్నడు. బంగ్లాల వంట చేసే బట్లర్ వేషం. ఆయన మాట్లాడేది హైదరాబాద్ దక్కనీ. మన 'నక్కో', మన 'హౌ'. హాలంత నవ్వుతది. నేనూ నవ్విన, మెహమూద్ హాస్యానికి నవ్వకుంట ఎవడుంటడు? గని ఒక సవాల్ ఉండిపోతది. ఒకే సినిమాల బయటి నుంచి వచ్చిన గిటారు మోడ్రన్ అయింది, ఇంటి జుబాన్ కామెడీ అయింది. దక్కనీ అంటే నవ్వించేటందుకే అన్న రివాజ్ అప్పటి నుంచి ఇప్పటిదాకా సినిమాల నడుస్తనే ఉన్నది. కరీంనగర్‌ల, నిర్మల్‌ల, ఆదిలాబాద్‌ల ఆ జుబాన్‌ల ఏడ్చేటోళ్లున్నరు, దువా చేసేటోళ్లున్నరు, కోర్టుల గవాహీ చెప్పేటోళ్లున్నరు. తెర మీద మాత్రం వాళ్లు కనపడరు.

ఇక్కడ నా సొంత బిరాదరీకి కూడా ఒక మాట చెప్పాలె. ఇట్లాంటి ముచ్చట తెలిస్తే మనోళ్లు కొందరు వెంటనే వాట్సాప్‌ల ఏస్తరు, చూడుండ్రి, రాక్ సంగీతం మనదే, అరబ్‌లది అని. ఈ దావా నిలబడదు. 'మిసిర్లూ'ను 1927ల న్యూయార్క్‌ల రికార్డు చేసింది ఒక గ్రీకు గాయకుడు. తుర్కీలు పాడుకున్నరు, అరబ్‌లు పాడుకున్నరు, ఆర్మీనియా వాళ్లు, యహూదీలు తమ పెండ్లిళ్లల్ల వాయించుకున్నరు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ముగింపుల గ్రీసు దేశం తన పాట అని వినిపించుకున్నది. అది వాళ్ల పాట కాదనేటందుకు నేనెవణ్ణి? గని 1941ల నిక్ రూబానిస్ అనే సంగీతకారుడు దాన్ని జాజ్ తీరుగ కట్టి తన పేరు మీద రాయించుకున్నడు. మూడు మతాలోళ్లు, ఐదు జుబాన్‌లోళ్లు కలిసి పెంచిన పాటకు కాగితం మీద ఒక్కడే మాలిక్ అయిండు. ధున్ ఎవ్వరి జాగీరూ కాదు. జండా పాతుడు ఎంత తప్పో, పేరు చెరుపుడు కూడా అంతే తప్పు. నేను అడిగేది మిల్కియత్ కాదు, షజరా.

ఇదే కొలతతోని మన జిల్లాలను చూడుండ్రి. షాదీల బారాత్ వెళ్తే మర్ఫా మోగుతది. నిజాం ఫౌజుల కొలువుకు వచ్చిన యెమెన్ హద్రమౌత్ అరబ్‌లు, ఆఫ్రికా హబ్షీలు హైదరాబాద్‌కు తెచ్చిన దరువు అది. బార్కస్, ఏసీ గార్డ్స్ మొహల్లాలు వాళ్లయే. ఇయ్యాల మర్ఫా ముసల్మానుల షాదీల ఉంటది, హిందువుల పెండ్లిల ఉంటది, గణేశ్ ఊరేగింపుల ఉంటది, పార్టీల ర్యాలీలల్ల ఉంటది. మంచిదే. దరువుకు గోడలు ఉండొద్దు. గని ఆ దరువు ఎవరిది అంటే 'తీన్‌మార్' అంటరు. హబ్షీ అన్న మాట మాత్రం తిట్టుగ మిగిలింది.

పీర్ల పండుగల మా దిక్కు ఊర్లల్ల అలావా చుట్టు ఎగిరేది అన్ని కులాలోళ్లు. డప్పు కొట్టేది మాదిగోళ్లు. ఆ డప్పు లేకుంటే పీరు లేవదు. ఆ డప్పు దరువులే ఇప్పుడు జానపద పాటల యూట్యూబ్ వీడియోలల్ల, డీజే రీమిక్సులల్ల కోట్ల వ్యూస్ తెస్తున్నయి. వీడియో కింద చూడుండ్రి. నిర్మాత పేరుంటది, ఎడిటర్ పేరుంటది, డ్రోన్ తిప్పినోని పేరుంటది. డప్పు కొట్టిన మనిషి పేరు వెతకాలె. ఆదిలాబాద్ దిక్కు గోండుల గుస్సాడీని చూసుండ్రి. మార్లవాయి కనకరాజుకు 2021ల పద్మశ్రీ వచ్చింది గనుక ఒక్క పేరన్న బయటపడ్డది. సర్కారు పండుగలకు నెమలి ఈకల టోపీలు పెట్టించి స్టేజీ మీద నిలబెట్టే మిగిలిన కళాకారుల పేర్లు ఫోటో కింద ఎన్నడు రాసిండ్రు? పేపర్లల్ల పనిచేసే మనిషిగ చెప్తున్న, 'గిరిజన నృత్యం' అని రెండు మాటలు రాసి పేజీ పంపే అలవాటు మా ధందాల పాతది. అక్కడ నిలబడి పేరు అడగడానికి ఒక్క నిమిషం పడుతది.

మౌసీఖీ మీద ఈ రాత ఎందుకు భాయ్ అనే సోదరులు కూడా ఉంటరు. వాళ్ల నియ్యత్ మీద నాకు షక్ లేదు. జాయెజా, నాజాయెజా అన్న బహస్ ఉలమాలది. నేను మాట్లాడేది హఖ్ గురించి. కూలోని చెమట ఆరకముందే కూలి ఇవ్వుమన్న దీన్ మనది. వాయించినోనికి పేరు ఇచ్చుడు, పైసా ఇచ్చుడు ఆ హఖ్‌లకే వస్తది.

పేరు ఒక్కటే సరిపోదు కూడా. 1994ల 'పల్ప్ ఫిక్షన్' పుణ్యాన డిక్ డేల్‌ను దునియా మళ్ల యాది చేసుకున్నది. అయినా ఎనభై ఏండ్లకు దగ్గర పడ్డంక, కేన్సర్, షుగర్, కిడ్నీల బీమారీ మీద పడి కూడా ఆయన ఊరూరు తిరిగి వాయించిండు. షౌఖ్ ఉండె, గని ఇలాజ్ ఖర్చుకు పైసలు కావాలె అని తానే బాహాటంగ చెప్పిండు. 2019 మార్చిల ఇంతెఖాల్ అయిండు. మన దగ్గర పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య 'భీమ్లా నాయక్' పాటతోని ఇంటింటికి తెలిసిండు, 2022ల పద్మశ్రీ అయిండు. 2024ల ఆయన కూలి పని చేస్తున్నడన్న ఖబర్ పేపర్లల్ల వచ్చింది. ఒకాయన కాలిఫోర్నియా, ఒకాయన పాలమూరు దిక్కు. చప్పట్లు ఇద్దరికీ పడ్డయి. చప్పట్లు దవాఖాన బిల్లు కట్టవు.

అందుకే నేను అడిగేవి చిన్న పనులే. వీడియో కింద డప్పోని పేరు, మర్ఫా ఉస్తాద్ పేరు రాయుండ్రి. వ్యూస్ పైసలల్ల వాళ్లకు హిస్సా పెట్టుండ్రి. బారాత్‌కు మాట్లాడిన బ్యాండోళ్లకు రాత్రే లెక్క తేల్చుండ్రి, రేపు రమ్మనకుండ్రి. పిల్లగాడు 'పంప్ ఇట్'కు ఎగురుతుంటే ఆపకుండ్రి, ఎగరనియ్యుండ్రి. పాట అయిపోయినంక చెప్పుండ్రి, బేటా, దాని పేరుల మిస్ర్ ఉన్నది, దాన్ని వాయించినాయన పేరుల మన్సూర్ ఉన్నడు అని.